లేని పెద్దక్షరం

(మాస్టారి స్మారకసభలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



నిర్వాహకులు రెండు నెలల కిందట ఫోన్ చేసి మాట్లాడమన్నారు, సరేనన్నాను. వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్. "బేనరు రాయించాలండీ, మాస్టారి ఇంటిపేరు మీకేమన్నా తెలుసా?" తెలియదన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఎరిగిన మనిషి ఇంటిపేరు తెలియదంటే అవతలివాళ్ళు నమ్మలేదు. కానీ నిజం అదే. కాలేజీ రిజిస్టర్లో ఆయన పేరు ముందు ఒక పొడి అక్షరం ఉండేది. అదేమిటని ఎవరైనా అడిగితే "మా ఊరు" అనేవారు. ఏ ఊరండీ అంటే "బస్సు ఆగదులెండి" అనేవారు. మన దగ్గర ఇంటిపేరు అడగటమంటే ఇంకేదో అడగటమని ఆయనకూ తెలుసు, అడిగేవాళ్ళకూ తెలుసు. ఈ డొంకతిరుగుడంతా ఎందుకని కొందరు సూటిగా "మీరేమిట్లండీ?" అనేస్తారు. వాళ్ళే నయమనేవారు మాస్టారు. బేనరు మీద చివరికి ఆ పొడి అక్షరమే పడింది. సంతోషం.

జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన మాస్టారు అనువాదాలు కూడా చేసేవారని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. చిన్న పత్రికల్లో అయిదారు వచ్చాయి, అవీ మారుపేరుతో. మిగతావి పొడుగాటి రూళ్ళ పుస్తకాల్లోనే ఉండిపోయాయి. ఆయన పోయాక వాళ్ళమ్మాయి ఏడు పుస్తకాలు గుడ్డసంచిలో పెట్టి నా చేతికిచ్చింది. అన్నీ అమెరికా నల్లవాళ్ళ వ్యాసాలు, ఉత్తరాలు, కోర్టు సంగతులు. మొదటి పుస్తకం మొదటి పేజీలో అనువాదం లేదు, పెన్సిలుతో రాసుకున్న ప్రశ్న ఒకటి ఉంది: "'ఎన్' పెద్దది వేశారు. తెలుగులో ఏం చెయ్యాలి?"

ఇంగ్లీషులో ఒక దేశంవాణ్ణో ఒక జాతివాణ్ణో చెప్పే మాట పెద్దక్షరంతో మొదలవుతుంది. ఇండియన్, జపనీస్, ఐరిష్. అమెరికా పత్రికలు మాత్రం 'నీగ్రో' అన్న మాటను చిన్న 'ఎన్'తో, గుర్రం, గుమ్మడికాయ రాసినట్టు రాసేవి. నల్ల మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్స్ 1899లో 'ఫిలడెల్ఫియా నీగ్రో' అనే పరిశోధన గ్రంథం వేసినప్పుడు తాను పెద్దక్షరమే వాడుతున్నానని పేజీ అడుగున చిన్న నోటు పెట్టాడు. ఎనభై లక్షల మందికి ఒక్క పెద్దక్షరం దక్కకూడదా అన్నది దాని సారాంశం. ఆ తర్వాత సంపాదకులకు ఉత్తరాలు, వినతులు, వాదాలు. 'న్యూయార్క్ టైమ్స్' ఒప్పుకున్నది 1930 మార్చి 7న. ఒక అక్షరం కాస్త ఎదగడానికి ముప్పై ఏళ్ళ పైన పట్టింది.

మన లిపిలో పెద్దక్షరం లేదు. 'నీగ్రో' అని రాస్తే అది 1929 నాటిదో 1931 నాటిదో తెలుగు పాఠకుడికి తెలిసే దారి లేదు. మాస్టారు ఒకచోట 'నీగ్రోగారు' అని కూడా రాసి చూసి, పక్కనే "నవ్వులాట కాదు" అని తననే కోప్పడి కొట్టేశారు. (ఆ మాటను ఇవాళ నేను దాని కాలాన్ని బట్టే వాడుతున్నాను. మన పత్రికలు ఇప్పటికీ అప్పుడప్పుడూ వాడుతున్నాయి. మానెయ్యాలి.)

అయితే నాలుగో పుస్తకానికి వచ్చేసరికి ఆయనకు మన పెద్దక్షరం ఎక్కడుందో దొరికింది. అక్కడ ఆయన తెలుగు చేసింది ఒక చిన్న కేసు.

1963 జూన్, అలబామా రాష్ట్రంలో గ్యాడ్స్‌డెన్ అనే ఊరు. పౌరహక్కుల ప్రదర్శనల్లో అరెస్టయినవాళ్ళ విచారణ జరుగుతోంది. ఉద్యమ కార్యకర్త మేరీ హామిల్టన్ బోనెక్కింది. సర్కారు వకీలు ఆమెను "మేరీ" అని పిలిచి ప్రశ్న వేశాడు. తెల్లసాక్షిని ఇంటిపేరుతో, ముందు మిస్టరో మిసెస్సో తగిలించి పిలవటం, నల్లసాక్షికి ఎన్నేళ్ళున్నా ఉత్తపేరుతో పిలవటం దక్షిణాది కోర్టుల రివాజు. ఆమె ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. సరిగ్గా పిలిస్తే జవాబిస్తానంది. జడ్జి గద్దించాడు. అయినా చెప్పలేదు. కోర్టు ధిక్కారమని 5 రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా వేశారు. 1964 మార్చిలో దేశ సుప్రీంకోర్టు వాదనలు కూడా వినకుండానే ఆ శిక్షను కొట్టేసింది.

ఇంగ్లీషులో వకీలు ఆమెనూ 'యూ' అంటాడు, జడ్జినీ 'యూ' అంటాడు. అవమానమంతా ఒక్క పేరులో ఉంది. తెలుగు చేసేవాడికి ఆ సౌకర్యం లేదు, ప్రతి క్రియకూ ఒక నిర్ణయం చెయ్యాలి. మాస్టారి వకీలు "చెప్పు" అంటాడు, "వచ్చావా?" అంటాడు. ఆమె మాత్రం "చెప్పనండి" అంటుంది. చదువుతుంటే మనకే ఒళ్ళు మండుతుంది. ఆ పేజీ అంచున ఆయన రాసుకున్నది: "దీనికి మనకు మాటల కరువు లేదు."

ఆ వాక్యంలో మెచ్చుకోలు లేదు. మోతుబరి ఇంట్లో ఏడేళ్ళ పిల్లాడు యాభయ్యేళ్ళ పాలేరును "ఒరే" అని పిలవటం చూసి పెరిగిన తరం ఆయనది. అమెరికా దక్షిణాదిలో ముసలి నల్లవాణ్ణి 'బాయ్' అనేవారని చదివినప్పుడు ఆయనకు నిఘంటువు అక్కర్లేకపోయింది. ఒకే పేరు ఒక వీధిలో రాయుడుగారు, ఇంకో వీధిలో రాయిగాడు. మన పెద్దక్షరం మాట మొదట్లో ఉండదు, తోకలో ఉంటుంది.

ఇక అసలు గొడవకు వస్తాను. బయటివాళ్ళు పెట్టిన పేర్ల మీద పోరాటం సగమే కథ. తమను తాము ఏమని పిలుచుకోవాలన్నదాని మీద అమెరికా నల్ల సమాజం లోపల్లోపల రెండు వందల ఏళ్ళుగా వాదించుకుంటోంది. దీన్ని అనైక్యత అనేవాళ్ళను నేను చాలామందిని చూశాను. నాకలా అనిపించదు. ఆ వాదాలు చదివితే ఆ సమాజం దేనికి భయపడిందో, ఎవరికి వినబడాలనుకుందో ఏ చరిత్ర పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది.

ఫిలడెల్ఫియాలో 1787లో రిచర్డ్ ఆలెన్, అబ్సలోమ్ జోన్స్ పెట్టిన సంఘం పేరు ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ. చర్చీలు, బడులు అన్నీ 'ఆఫ్రికన్' పేరుతోనే వెలిశాయి. ఇంతలో 1816 చివర్లో స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళను ఆఫ్రికాకు తరలించాలని పలుకుబడి ఉన్న తెల్లవాళ్ళు ఒక సంఘం పెట్టారు. మరుసటి నెల, 1817 జనవరిలో, ఆలెన్ గారి బెతెల్ చర్చిలో దాదాపు మూడు వేల మంది పోగయ్యారు. వేదిక మీదున్న నాయకుల్లో కొందరికి ఆ ఆలోచన మీద కొంత మొగ్గు ఉంది. వెళ్దామనేవాళ్ళు ఎవరని అడిగితే ఒక్క గొంతూ లేవలేదు. వద్దనేవాళ్ళు ఎవరంటే గోడలు అదిరాయి. నాయకులు జనం మాటకు తలవంచారు. 'ఆఫ్రికన్' అన్న సొంత మాట క్రమంగా ప్రమాదకరమైంది ఇక్కడి నుంచే. మీరు ఆఫ్రికన్లే అయితే అక్కడికే పొండి అంటారు కదా! ఆ తర్వాతి ఏళ్ళలో చాలామంది 'కలర్డ్' అన్న మాటకు మళ్ళారు.

అదీ కుదురుగా నిలవలేదు. 1835లో అదే ఊళ్ళో జరిగిన నల్లవాళ్ళ మహాసభలో విలియం విప్పర్ ఒక తీర్మానం పెట్టాడు. 'కలర్డ్' వద్దు, సంస్థల పేర్లలో 'ఆఫ్రికన్' తీసెయ్యండి, మనం మనుషులం, అమెరికన్లం, వేరే గుర్తెందుకు? తీర్మానం నెగ్గింది. శామ్యూల్ కార్నిష్ అనే సంపాదకుడికి ఒళ్ళు మండింది. ఆయన నడిపిన పత్రిక పేరే 'కలర్డ్ అమెరికన్'. పేరు వదిలేస్తే మనల్ని వదిలేస్తారా, ఇంతకన్నా పాడు పేరుతో పిలవరా అన్నది ఆయన వాదం. 'అణగారిన అమెరికన్లు' అనుకుందామన్నవాళ్ళను చూసి పత్రికలోనే నవ్వాడు. ఇద్దరూ ఒకే బానిసత్వానికి శత్రువులు. విప్పర్ మాట వింటే ఆయన తెల్ల చట్టంతో మాట్లాడుతున్నాడనిపిస్తుంది. కార్నిష్ పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నాడు. నేను ఎప్పుడూ కార్నిష్ పక్షమే. మాస్టారు విప్పర్ పక్షం. ఇంటిపేరు చెప్పని మనిషి ఇంకే పక్షం తీసుకుంటారు!

ఈ పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒక కుర్రవాడి ఉత్తరం. 1928 మార్చి 'క్రైసిస్' సంచికలో వచ్చింది. ఆ పత్రిక నల్లవాళ్ళ హక్కుల కోసం 1909లో పుట్టిన ఎన్.ఎ.ఎ.సి.పి. సంస్థది, సంపాదకుడు డుబాయ్స్. ఇండియానా రాష్ట్రంలో హైస్కూలు చదివే నల్లకుర్రవాడు ఆయన్నే నిలదీశాడు. మన పత్రికలో కూడా 'నీగ్రో' అని ఎందుకు వేస్తున్నారు, అది మనల్ని కించపరచడానికి తెల్లవాళ్ళు పెట్టిన మాట, నేను పెద్దవాణ్ణయ్యేసరికి అది పోవాలి అన్నాడు.

డుబాయ్స్‌కు అప్పటికి అరవయ్యేళ్ళు. హార్వర్డ్ డాక్టరేటు, దేశదేశాల్లో పేరు. ఆయన ఆ ఉత్తరాన్ని బుట్టలో పడెయ్యలేదు, అచ్చువేసి దీర్ఘంగా జవాబు రాశాడు. పేరునూ వస్తువునూ కలిపేసుకోకు, ద్వేషించేవాడు పేరు మారిస్తే ద్వేషం మానడు, పేర్లు మనం కోరినట్టు మారవు, అవి పెరుగుతాయి, ఈ మాట మరీ అంత చెడ్డదేం కాదు. ఇదీ ఆయన వరస. పెద్దక్షరం కోసం ముప్పై ఏళ్ళు పట్టుబట్టిన మనిషే పేరుదేముంది అంటున్నాడు. ఇది ఆత్మవంచన అని నేను మాస్టారితో వాదించేవాణ్ణి. "కాదయ్యా, పత్రికలతో ఒకలా మాట్లాడాడు, ఇంట్లో పిల్లాడితో ఒకలా మాట్లాడాడు" అనేవారు ఆయన.

కాలం మాత్రం కుర్రవాడి వైపే నడిచింది, కాస్త ఆలస్యంగా. డుబాయ్స్ 1963 ఆగస్టు 27న ఘానాలో కన్నుమూశాడు. మర్నాడు వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల జనం ముందు మార్టిన్ లూథర్ కింగ్ ఇంకా 'నీగ్రో' అనే మాట్లాడాడు. 1966 జూన్‌లో మిసిసిపీలోని గ్రీన్‌వుడ్‌లో స్టోక్లీ కార్మైకేల్ 'బ్లాక్ పవర్' నినాదం ఎత్తుకున్నాడు. 'బ్లాక్' అంతవరకూ నల్లవాళ్ళ ఇళ్ళలోనే తిట్టు. పిల్లలు ఒకర్నొకరు అలా అనుకుంటే కలబడేవాళ్ళు. ఆ తిట్టునే ఎత్తి నెత్తిన పెట్టుకున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి 'నీగ్రో డైజెస్ట్' అనే పత్రిక 'బ్లాక్ వరల్డ్'గా మారింది. 1988 చివర్లో జెస్సీ జాక్సన్ 'ఆఫ్రికన్ అమెరికన్' అందామన్నాడు. 1817 తర్వాత భయపడి పక్కన పెట్టిన మాట తిరిగొచ్చింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపిన తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ 'బ్లాక్' మాటకు పెద్ద 'బి' ఇచ్చింది. మాస్టారు ఉంటే మళ్ళీ అదే ప్రశ్న రాసుకునేవారు.

తిట్టును నెత్తిన పెట్టుకోవటం మనకు కొత్త కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ హక్కుల దండోరా మోగాక యువకులు తమ పేర్ల చివర 'మాదిగ' అని చేర్చుకున్నారు. రెడ్డి, చౌదరి, శర్మ ఉండే చోట, తోకలో. అంతకుముందు 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిస్తే, అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అన్నాడు. ఆయన పుట్టినప్పటి పేరు మాదరి భాగయ్య. గాంధీగారు 'హరిజన' అన్నా, తర్వాతి తరం దాన్ని కాదని 'దళిత' అంది. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు బ్లాక్ పాంథర్స్ పేరులో సగం అరువు తెచ్చుకున్నారు. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన కుంటా కింటేను టోబీ అని పిలిచిన కథ సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేస్తే మన పల్లెల్లో అంతలా చదివింది ఎందుకనుకుంటారు? పేరు పోగొట్టుకోవటం అంటే ఏమిటో చదివేవాళ్ళకు ముందే తెలుసు.

'కమ్యూనిటీస్ ఆఫ్ కలర్' అనే మాట ఈమధ్య మన పిల్లల నోట కూడా వింటున్నాను. 'రంగున్న సమాజాలు' అని తెలుగు చేస్తే హోలీ పండగలా ఉంటుంది, నాకింకా మంచి మాట దొరకలేదు. ఆ మాట వెనక ఒక బేరం ఉంది. 1977లో హ్యూస్టన్‌లో జాతీయ మహిళా మహాసభ జరిగింది. నల్ల స్త్రీలు తమ సొంత డిమాండ్ల పత్రం పట్టుకొచ్చారు. మెక్సికన్, ఆసియా, ఆదిమజాతుల స్త్రీలు మమ్మల్నీ కలుపుకోండి అన్నారు. అప్పుడు అందరికీ సరిపోయే పేరు కావలసి వచ్చింది, 'విమెన్ ఆఫ్ కలర్' అనుకున్నారు. ఆ సభ కథను నల్ల ఉద్యమకారిణి లొరెట్టా రాస్ తరచు చెబుతుంటుంది. అది పుట్టుకతో వచ్చే పేరు కాదు, కలిసి పనిచేస్తామని చేసుకున్న ఒప్పందం అంటుంది. 1980లో కొందరు రచయిత్రులు ఆ పేరుతోనే ప్రచురణ సంస్థ పెట్టి, దానికి ముందు 'కిచెన్ టేబుల్' అని చేర్చారు. వంటింటి బల్ల. ఆడవాళ్ళు పని చేస్తూ మాట్లాడుకునే చోటు అదే కదా! బయటివాళ్ళు లేనప్పుడు మాత్రమే వచ్చే మాటలు అక్కడ వస్తాయి.

మన వంటింటి బల్ల దగ్గర ఏం మాట్లాడుకుంటున్నారో కూడా నేను కొంచెం విన్నాను. మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు ఒక తెలుగువారింటికి భోజనానికి పిలిచారు. గోంగూర బాగుంది. ఇల్లు కొనే మాట వచ్చింది. "ఆ వైపు వద్దండీ, నల్లోళ్ళుంటారు" అన్నారొకాయన. గంట తర్వాత అదే ఆయన, ఆఫీసులో ప్రమోషను తెల్లవాడికిచ్చారని, "మనం మైనారిటీ కదండీ, ఏం చేస్తాం" అన్నారు. ఇంకో గంటకు పెళ్ళిసంబంధం మాట వచ్చి, అమ్మాయి ఛాయ ఎలా ఉంటుందని వాకబు చేశారు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ నన్నడిగారు: "ఇంతకీ మీరేమిట్లండీ?"

ఆయన్ని ఎగతాళి చెయ్యటం తేలిక. ఆ మూడు గంటల్లో ఆయన చేసిన ప్రయాణం మనవాళ్ళు అమెరికాలో వందేళ్ళుగా చేస్తున్నదే. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టులో నిలబడ్డాడు. తెల్లవాళ్ళకు పౌరసత్వం దొరికే రోజులు, కనుక ఆయన తెల్లవాడేనని ఆయన తరఫున వాదించారు. దానికి చూపించిన ఆధారాల్లో ఒకటి అగ్రకులం! కులం పట్టింపు ఉంది కనుక రక్తం కలవలేదన్నారు. కోర్టు కాదు పొమ్మంది. 1970 జనాభా లెక్కల్లో మనవాళ్ళను తెల్లవాళ్ళ పద్దులో రాశారు. 1980కి వచ్చేసరికి భారతీయ సంఘాలు అడిగి మరీ 'ఏషియన్ ఇండియన్' అనే వేరే గడి వేయించుకున్నాయి. ఈ లెక్కలకు ముందు, 1965 అక్టోబరులో వలస చట్టం మారింది. అంతకు రెండు నెలల ముందే నల్లవాళ్ళు నెత్తురోడ్చి ఓటు హక్కు చట్టం సాధించారు. ఓటు తలుపు తెరుచుకున్న ఊపులోనే వలస తలుపూ తెరుచుకుంది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ దాన్లోంచే వెళ్ళారు. భోజనాల బల్ల దగ్గర ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక ఎదుటివాడు మనల్ని ఏమని పిలుస్తాడో మన చేతిలో ఉండదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో, మన హైదరాబాదు కుర్రవాణ్ణి కాల్చి చంపినవాడు అతన్ని ఇరానీ అనుకున్నాడు. తెలుగో, తమిళమో, రెడ్డో, మాలో వాడికి అక్కర్లేకపోయింది. ఆరేళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరిలో, సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో ఏ నగరమైనా అలా చెయ్యటం అదే మొదలు. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే శాసనసభ దాటాక గవర్నరు ఆపేశాడు. రెండుచోట్లా కావాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ ఎక్కువగా మన దేశంవాళ్ళే, ఒకే రంగువాళ్ళే. ఇది బయట మాట్లాడే విషయమా, పరువు పోదూ అన్నారు వద్దన్నవాళ్ళు కొందరు. విప్పర్‌కు ఎదురు తిరిగినప్పుడు కార్నిష్‌కు పరువు పోతుందని అనిపించి ఉంటే ఆ పత్రిక ఉండేదే కాదు. ఈ మాట మాస్టారితో అని ఉంటే, కార్నిష్‌ను నువ్వు ప్రతిదానికీ వాడుకుంటావని కసిరేవారు.

ఏడో పుస్తకం చివర్లో డుబాయ్స్ జవాబు మళ్ళీ ఉంది. మొదటిసారి చేసిన అనువాదం నచ్చక తిరిగి చేశారు. అంతా శుభ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంది, ఒక్కచోట తప్ప. వాదమంతా అయిపోయాక ఆ పెద్దాయన ఒక్కసారిగా స్వరం మార్చి, కుర్రవాణ్ణి చనువుగా పిలిచి, పేరు సంగతి వదిలేసి అసలు దాన్ని సాధిద్దాం పద అంటాడు. ఇంగ్లీషులో ఆ పిలుపు ఒక్క చిన్న మాట. మాస్టారు మొదట "అబ్బాయ్" అని రాశారు. రబ్బరుతో తుడిచి "నాయనా" అన్నారు. అదీ తుడిచి "తమ్ముడూ" అన్నారు. దాని కింద "బాబూ" లీలగా కనబడుతుంది, ఇంకా కింద "ఒరే" అని ఉందో లేదో వెలుగుకు పట్టి చూసినా తేలలేదు. తుడిచి తుడిచి ఆ చోట కాగితానికి చిల్లు పడింది. మిగతా వాక్యం "పద" అని ఆ చిల్లు అవతల ఉంది.